కింద చూడని బండి

రాజలింగం కోసం ఒకరు కుర్చీ తుడిచి వేయడం అదే మొదటిసారి. దుబాయిలోని దేరాలో నైఫ్ బజారు వెనక పాత బండ్లు అమ్మే స్థలమది. రేకుల పందిరి కింద అమ్మకందారు భుజం మీది గుడ్డతో ఇనుప కుర్చీ తుడిచి, "బైఠియే ముహందిస్ సాబ్" అన్నాడు. ముహందిస్ అంటే ఇంజనీరు. జగిత్యాల బస్సు డిపోలో బస్సులు కడిగి, అబూధాబీ పక్కన ముసఫ్ఫాలో గ్యారేజీ హెల్పరుగా చేరి, మూడేళ్లు నట్లు విప్పి బిగించి మెకానిక్కయిన రాజలింగం ఆ మాటకు లోలోపల పొంగిపోయాడు.

ఆ పేరు మొదట పెట్టింది అతని కఫీల్, అంటే వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమాని, ముబారక్. రాజలింగం పనిచేసే గ్యారేజీ ఆయనదే. ఆరు నెలల కిందట ఎవరికీ అంతుపట్టని ఒక ఇంజను చప్పుడును రాజలింగం చెవి ఆనించి విని కనిపెట్టాడు. అప్పటినుంచి ఆయన అందరి ముందూ అతణ్ని ముహందిస్ అనే పిలుస్తున్నాడు. పనివాళ్లుండే క్యాంపులో పక్క మంచాలవాళ్లు వేళాకోళానికి అదే పేరు పట్టుకున్నారు. రాజలింగానికి అది వేళాకోళంగా అనిపించలేదు.

అది 1980 చలికాలం. ముబారక్ తండ్రి సాలెం ముసలాయనకు డేగల వేటంటే ప్రాణం. ఏటా లీవా వైపు ఇసుక దిబ్బల్లోకి పోయి, డేగను వదిలి హుబారా పక్షిని పట్టిస్తాడు. హుబారా మన బట్టమేక పిట్టలాంటిదే. డేగ దాని వెంటపడితే, డేగ వెంట బండి పరుగెత్తాలి. ఆలస్యమైతే, వేటను నేలమీద అదిమిపట్టి కూర్చున్న డేగ మీద నక్క పడుతుంది. ముసలాయన పాత జీపు ఆ ఏడు మూలబడింది. కొత్తగా ఒక పికప్పు కొనడానికి ముబారక్, దాన్ని ఎంచడానికి రాజలింగం, నడపడానికి డ్రైవరు బుడేన్ సాహెబ్ కలిసి అబూధాబీ నుంచి వచ్చారు.

బుడేన్ సాహెబ్‌ది రాయచోటి. యాభై దాటిన మనిషి, పదేళ్లుగా ముబారక్ ఇంట్లో డ్రైవరు. రాజలింగం కొత్తగా వచ్చిన రోజుల్లో వారంపాటు జ్వరంతో మంచం పడితే గంజి కాచి తాగించింది ఆయనే. రాజలింగం ఆయన్ని చిన్నాన్న వరసతో చిచ్చా అని పిలిచేవాడు.

అమ్మకందారు మూడు బండ్లు చూపించాడు. మొదటిది పెద్ద ఇంజనుది, చూడటానికి ఏనుగులా ఉంది. ముబారక్‌కు అది నచ్చింది. రాజలింగం తల అడ్డంగా ఊపాడు.

"ఇసుకల బరువు పనికిరాదు అర్బాబ్. కూరుకపోతది" అని తనకొచ్చిన ఉర్దూ, అరబ్బీ కలిపి వివరించాడు. బండి తేలిగ్గా ఉండాలి, టైర్లు వెడల్పుగా ఉండాలి, నేలకూ బండి కడుపుకూ మధ్య జానెడున్నర ఎడం ఉండాలి, నాలుగు చక్రాలూ లాగాలి. వెనక రెండు నీళ్ల డ్రమ్ములు, డేరా, డేగలు కూర్చునే కొయ్యలు పట్టాలి. చెప్పినవన్నీ సరైనవే. రెండోదాని కమాన్ పట్టీలు వంగిపోయి ఉన్నాయి. మూడోది ఎర్ర పికప్పు, కొత్తగా రంగు వేసింది. రాజలింగం దాని ఇంజను నడిపించి విన్నాడు. రోడ్డు మీద ఒక చుట్టు తిప్పాడు. ఫోర్‌వీల్ కడ్డీ లాగితే టక్కున పడింది.

"ఇదే" అన్నాడు.

బుడేన్ సాహెబ్ పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు. "ఒక తూరి కిందికి దూరి సూడు నాయనా. రంగు కొత్తగా కొట్టిండారంటే నాకు అనుమానమే."

రాజలింగం నేలకేసి చూశాడు. ఆయిలు కారి కారి మట్టి నల్లగా, జిగటగా ఉంది. అతని ఒంటిమీద క్యాంపు దర్జీతో కుట్టించుకున్న తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా ఉన్నాయి. కుర్చీ వేసినవాడు చూస్తున్నాడు. ముబారక్ చూస్తున్నాడు.

"అవుసరం లేదు చిచ్చా. సప్పుడు ఇంటే నాకు ఎర్కైతది."

"నేను సూస్తాలే అట్లయితే" అని బుడేన్ సాహెబ్ మోకాలి మీద చెయ్యానించి వంగబోయాడు.

"నువ్వు స్టీరింగు సంగతి సూస్కో. ఇది నా పని" అన్నాడు రాజలింగం, అందరికీ వినబడేలా. అమ్మకందారు నవ్వాడు. బుడేన్ సాహెబ్ నడుం సరిచేసుకుని వెనక్కి తగ్గాడు.

మూడో రోజు తెల్లవారగానే వేటకు బయల్దేరారు. ముబారక్, సాలెం ముసలాయన, రెండు డేగలు, బుడేన్ సాహెబ్, రిపేరు వస్తే చూడటానికి రాజలింగం. మొదటి రోజంతా గట్టినేల మీదే గడిచింది. బండి బాగుందని ముబారక్ రెండుసార్లు మెచ్చుకున్నాడు. రాజలింగం వెనక నీళ్ల డ్రమ్ముల మధ్య కూర్చుని గాలికి జుట్టు ఎగురుతుంటే, తనూ వేటగాడే అయినట్టు దూరాలు చూశాడు.

రెండో రోజు మధ్యాహ్నం ముసలాయన చేయెత్తి ఆపమన్నాడు. పొదల పక్క నుంచి ఒక హుబారా లేచింది. ఆయన డేగ కళ్లకు కట్టిన తోలు టోపీ తీసి వదిలాడు. ఆయనకు అది ఆరేళ్ల నేస్తం, ఆయన చేత్తో పెట్టిన మాంసం తప్ప తినదు. రెండు పక్షులూ ఎత్తైన దిబ్బ అవతలికి పోయాయి.

"యల్లా! యల్లా!" అని, బండిని పోనిమ్మని ముబారక్ అరిచాడు.

బుడేన్ సాహెబ్ ఫోర్‌వీల్ కడ్డీ లాగి దిబ్బకు ఎక్కించాడు. సగం ఎక్కేసరికి బండి బరువెక్కినట్టయి ఆగింది. వెనక చక్రాలు ఇసుక చిమ్ముతూ గుంట తవ్వుకుని దిగిపోయాయి. రాజలింగం కిందికి దూకి చూశాడు. ముందు చక్రాలు కదలడం లేదు. ఇసుక మీద బోర్లా పడుకుని బండి కిందికి తల దూర్చాడు.

ఇంజను బలాన్ని ముందు చక్రాలకు మోసే షాఫ్టు ఉండాలి అక్కడ, మనిషి చేయంత లావు ఇనుప కడ్డీ. అది లేదు. ఎవరో ఎప్పుడో విప్పేశారు. విప్పినచోట బోల్టుల రంధ్రాల మీద పాత మడ్డి గట్టిపడి ఉంది. నైఫ్‌లో ఒక్కసారి వంగి ఉంటే పిల్లవాడికైనా కనబడేది.

ముసలాయన అప్పటికే చెప్పులు వదిలేసి, కాళ్లు దిగబడుతున్నా దిబ్బ ఎక్కుతూ డేగను పిలుస్తున్నాడు. ముబారక్ బుడేన్ సాహెబ్ మీద విరుచుకుపడ్డాడు. "పదేళ్లు నడిపావు, ఇసుకలో నడపడం తెలియదా? ఏం విరగ్గొట్టావు?" తర్వాత రాజలింగం వైపు తిరిగాడు. "ఏమైంది ముహందిస్?"

రాజలింగం లేచి నిలబడ్డాడు. చెప్పాల్సింది రెండే మాటలు: నేను చూడలేదు. ముబారక్ కళ్లలో ఇంకా నమ్మకం ఉంది. దాన్ని పోగొట్టుకోవడానికి మనసొప్పలేదు. బుడేన్ సాహెబ్ ముఖంలోకి చూస్తూనే అనేశాడు.

"ముందు షాఫ్టు ఊడి పడిపోయింది అర్బాబ్. ఒక్కసారి గట్టిగ తొక్కితే అట్లనే అయితది."

బుడేన్ సాహెబ్ రెప్ప వేయకుండా అతణ్ని చూశాడు. పార తీసుకుని వెనక చక్రాల దగ్గర ఇసుక తవ్వడం మొదలుపెట్టాడు. రాజలింగం ఇంకో పార తీసుకుని పక్కన చేరితే ఆయన అటువైపు చక్రానికి మారిపోయాడు.

పొద్దు వాలుతుండగా ముసలాయన దిబ్బ దిగి వచ్చాడు. తలగుడ్డలో చుట్టి డేగను రొమ్ముకు ఆనించుకున్నాడు. నక్క కొరికిన ఒక రెక్క తెగి వేలాడుతోంది. ఆయన నీళ్లలో వేలు ముంచి దాని ముక్కు మీద చుక్క చుక్కగా వేస్తూ కూర్చున్నాడు. కాసేపటికి వేయడం మానేశాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండుననిపించింది రాజలింగానికి.

మర్నాడు పొద్దున సాలెం ముసలాయన ఒక్కడే, వచ్చిన చక్రాల జాడ పట్టుకుని, తల వంచుకుని చాలా దూరం నడిచి వెళ్లి వచ్చాడు. డేగను పూడ్చడానికి పోయాడనుకున్నాడు రాజలింగం. ఆ మధ్యాహ్నం దారిన పోయే లారీ ఒకటి కనబడి బండిని లాగింది.

ముసఫ్ఫాకు చేరేలోపే కథ క్యాంపుకు చేరింది. బుడేన్ సాహెబ్ బండి విరగ్గొట్టి ముసలాయన డేగను చంపాడట. ఆ మాట ఎవరు మొదలుపెట్టారో గానీ ఆపగలిగినవాడు రాజలింగం ఒక్కడే. అతను ఆపలేదు. ఎవరైనా ముహందిస్ అని పిలిస్తే ముఖం మీద ఉమ్మినట్టుండేది.

వారం తర్వాత బుడేన్ సాహెబ్ గ్యారేజీకి వచ్చాడు. ఆయన్ను ఖోర్ ఫక్కాన్‌కు మార్చారని, రేవులో ముబారక్ బంధువుల ఐసు లారీ నడపడానికి పోతున్నాడని, అందరికీ చెప్పిపోవడానికి వచ్చాడని మాటల వల్ల తెలిసింది. రాజలింగం ఒక లారీ కింద పడుకుని పని చేస్తున్నాడు.

"లింగం యాడ?" అని అడగడం వినబడింది.

"గా లారీ కింద ఉన్నడు."

ఆయన తోలు చెప్పులు వచ్చి లారీ పక్కన ఆగాయి. రాజలింగం చేతిలో పానా బిగించి పట్టుకుని, ఊపిరి కూడా బయటికి వినబడనీయలేదు. పని చేస్తున్న చప్పుడైనా చేయలేకపోయాడు. చెప్పులు అక్కడే చాలాసేపు నిలబడి, తర్వాత వెళ్లిపోయాయి. ఆ రోజు రాజలింగం అన్నానికి కూడా లారీ కిందినుంచి బయటికి రాలేదు.

నెల దాటాక ముబారక్ పిలిచాడు. ఎర్ర బండిని తిరిగి అమ్మేశాం, ఇంకోటి ఎంచాలి, రేపు పోదామన్నాడు. రాజలింగం బల్ల ముందు నిలబడి తన చేతులు చూసుకున్నాడు.

"నేను రాను అర్బాబ్. ఆ బండికి షాఫ్టు కొన్ననాడే లేదు. నేను కిందికి దూరి సూడలే. బుడేన్ సాబ్ సూడమన్నడు. నేనే వద్దన్న. ఆయన తప్పేం లేదు. నేను అబద్ధమాడిన."

ముబారక్ ఆశ్చర్యపోలేదు. అది ఇంకా భయంగా అనిపించింది.

"మా నాయన ఆ పొద్దున మన జాడ వెంట వెతికాడు. అంత ఇనుము పడితే ఇసుకలో గుర్తు ఉంటుంది. ఎక్కడా లేదు. వచ్చి నాతో చెప్పాడు. నీ నోటితో నువ్వే చెప్తావేమోనని ఇవాళ పిలిచాను."

"మరి చిచ్చాను ఎందుకు పంపించిన్రు?"

"నేను పంపలేదు. ఉండమని బతిమాలాను. నువ్వున్నచోట పని చేయనన్నాడు. నిన్ను తీసేస్తానంటే అదీ వద్దన్నాడు." ముబారక్ కాగితాల్లోకి తల దించుకున్నాడు. "ఖలాస్. పో, పని చూసుకో."

శుక్రవారం రాజలింగం రెండు టాక్సీలు మారి, కొండలు దాటి ఖోర్ ఫక్కాన్‌కు పోయాడు. రేవు దగ్గర లారీలోంచి ఐసు దిమ్మలు దింపిస్తున్న బుడేన్ సాహెబ్ అతణ్ని చూసి చేతులు తుడుచుకున్నాడు.

"మీరా? రండి. కూచోండి" అన్నాడు.

రాజలింగానికి మీరు అన్న మాట చెంపదెబ్బలా తగిలింది. కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పాడు. ముబారక్‌తో చెప్పిందీ, లారీ కింద దాక్కున్నదీ. చెబుతూ ఏడ్చాడు. బుడేన్ సాహెబ్ ఓదార్చలేదు, ఆపనూ లేదు. అంతా అయ్యాక అన్నాడు.

"కింద సూడకపోతివి. అది ఎవురైనా చేస్తారు, నేనూ చేసింటా. ఆ పొద్దు నా మొగం సూస్తా సూస్తానే అబద్ధం చెప్తివే, అది నా మనసులోంచి పోలేదురా. లారీ కాడ నిలబడితి. ఇప్పుడన్నా బయటికి వస్తావేమో, ఒక మాట చెప్తావేమో అని సూస్తి."

"నీ కాళ్లు మొక్కుత చిచ్చా. మళ్ల ముసఫ్ఫా రా."

"నేను రాను. నాకు చెప్పి, ముబారక్‌కు చెప్పి ఏం లాభం? ఆ క్యాంపులో నా అల్లుడు పీరా ఉండాడు. మామకు కండ్లు మసకబారినాయి, బండి ఇరగ్గొట్టినాడు అని ఇంటికి జాబు రాసినాడు. నా బిడ్డ కూడా అదే నమ్మింది. పోయి వానికి చెప్పు, అందరి ముందర."

తర్వాత తన గదికి తీసుకుపోయి చేపల పులుసుతో అన్నం పెట్టాడు. తాను తినలేదు. టాక్సీ దాకా వచ్చి తిరిగి వెళ్లిపోయాడు.

ఆ మర్నాడు మధ్యాహ్నం క్యాంపులో పది పన్నెండు మంది పళ్లేలు ముందు పెట్టుకుని కూర్చున్నారు. పీరా గోడ వారగా ఉన్నాడు. రాజలింగం తన పళ్లెం కింద పెట్టి లేచి నిలబడ్డాడు.

"పీరన్నా, మీ మామ బండి ఇరగ్గొట్టలే" అని మొదలుపెట్టి, నైఫ్ నుంచి దిబ్బ దాకా ఒక్కటీ దాచకుండా చెప్పాడు. తెల్ల బట్టలకు మరక అవుతుందని కిందికి దూరలేదన్నప్పుడు ఎవరో కిసుక్కున నవ్వారు. ముసలాయన డేగ ముక్కు మీద నీళ్లు వేసిన మాట చెప్పేటప్పుడు ఎవరూ నవ్వలేదు.

పీరా సగం అన్నంలోనే చేయి కడిగేసుకున్నాడు. పీరా కొడతాడనుకున్నాడు రాజలింగం. కొడితే మేలనుకున్నాడు. పీరా అతని మీదికి రాలేదు. పెట్టె తెరిచి కాగితం, పెన్ను తీసుకుని, మోకాలి మీద పెట్టుకుని భార్యకు జాబు రాయడానికి కూర్చున్నాడు. రెండు పంక్తులు రాసి ఆగి, తలెత్తకుండానే అడిగాడు.

"ఆ కడ్డీ పేరేమంటివి?"

"షాఫ్టు" అన్నాడు రాజలింగం. అది ఎక్కడ ఉంటుందో, లేకపోతే ఏమవుతుందో, చూడాల్సింది ఎవరో కూడా పీరా అడిగినకొద్దీ నిలబడి చెప్పాడు. పీరా అంతా రాసుకున్నాడు.