ముడికి అటువైపు

డాక్టర్ భుజంగరావు ముడి వేస్తే నెత్తురు ఆగిపోతుందని ఊరంతా నమ్ముతుంది. రిక్షావాళ్లు నమ్ముతారు, కాలేజీ లెక్చరర్లు నమ్ముతారు, సందేహించడమే వృత్తిగా గల ప్లీడర్లూ నమ్ముతారు. పెళ్లిపీటల మీద మూడో ముడి ఆయన చేత వేయించాలని బతిమాలినవాళ్లు కూడా ఉన్నారు.

మంగళవారం ఉదయం, వకుళ కంటే ముందే ఆమె మెడ మీది గడ్డ ఆసుపత్రికి వచ్చి ఒకటో టోకెను తీసుకుంటుంది.

అది ఊదారంగులో, కొబ్బరికాయంత ఉంది. స్టూలు మీద మర్యాదగా కూర్చుంటుంది. భుజంగరావు దాని మీద స్టెతస్కోపు ఆనిస్తాడు. లోపల, కాలువ లాకుల దగ్గర నీళ్లు దూకే హోరు. పుట్టుకతోనే చిక్కుపడిన రక్తనాళాల హోరు అది. తలకూ మెడకూ శస్త్రచికిత్స చేసే వైద్యుడిగా ఆయన దాన్ని ఇరవై ఆరేళ్లుగా వింటున్నాడు.

"ఒకటో నంబరు గడ్డండి, రెండో నంబరు ఆవిడ," అంటుంది సిస్టర్ ఎస్తేరు, రిజిస్టరు నుంచి తలెత్తకుండా. "చీటీలు రెండు రాయమంటారా?"

"ఒకటి చాలు. నెత్తురు ఒకటే కదా."

వకుళ వచ్చి రెండో స్టూలు మీద కూర్చుంటుంది. బజారులో జాకెట్లు కుట్టే మనిషి. వయసు ముప్పై నాలుగు. ఆమె మెడ నుంచి గడ్డ దాకా మోకంత లావు నాళం ఒకటి బల్ల కింది నుంచి కొట్టుకుంటూ పోతోంది. వచ్చేపోయేవాళ్లు దాన్ని తొక్కకుండా దాటుతున్నారు.

"నా వంక కూడా ఓసారి చూడండి డాక్టరు గారూ. ఎప్పుడొచ్చినా దాని మొహమే చూస్తారు."

"మళ్లీ నోట్లోంచి నెత్తురు పడిందా?"

"మొన్న చెంబుడు పడింది. ఇంకోసారి పడితే దక్కవని మీరేగా అన్నారు. పట్నంలో నాళాల్లోకి సన్నగొట్టం పంపే డాక్టర్లు చూశారండి. లోపలికి పోయే దారి ఎవరో మూసేశారట. ఎవరండీ మూసింది?"

ఎవరో ఆయనకు తెలుసు. వకుళకు ఎనిమిదేళ్లప్పుడు పన్ను పీకితే నెత్తురు ఆగలేదు. ఉద్యోగంలో అది ఆయన మొదటి ఏడు. గడ్డకు నెత్తురు మోసే పెద్ద ధమనిని మెడలో వెతికి పట్టుకుని ముడి వేశాడు. అప్పటికి ఆగింది. ఊరి నమ్మకం ఆ రోజే పుట్టింది. ఆరు నెలల్లో గడ్డ రెండింతలైంది. పెద్దకాలువ మూస్తే గడ్డ నూరు పిల్లకాలువలు తవ్వుకుంటుంది. సన్నగొట్టం పంపి గడ్డను లోపలి నుంచి పూడ్చాలంటే మాత్రం పెద్దకాలువే కావాలి. ఈ సంగతి పుస్తకంలో అప్పటికే ఉంది. ఆ పేజీ దాకా ఆయన రాలేదు, అంతే.

"నేనే," అంటాడు.

"అయితే తెరవండి మరి."

ఆపరేషను మొదలవుతుంది. కోత పెట్టగానే ఆమె మెడ ఆయనకు దారి ఇస్తుంది. ఆయన చెప్పులు విడిచి ధమనిలోకి దిగి నడుస్తాడు. అది వరండా కంటే పొడుగు. నేల పొడిగా ఉంది. చివర నల్లటి పట్టుదారం ముడి, ఆయన ఎత్తున నిలబడి ఉంది. ఆయన రెండు చేతులా లాగుతాడు. కదలదు.

"బిగిసిన ముడిని ఎవరన్నా విప్పుతారటండీ? తెంపుతారు గానీ," అంటోంది పైనుంచి వకుళ. "అంత చదివి అది కూడా తెలీదా?"

ఆయన తెంపుతాడు. దారం కాళ్ల దగ్గర కుప్పగా పడుతుంది. దాని వెనక దారి లేదు. సున్నం వేసిన గోడ ఉంది. తట్టి చూస్తాడు. గోడకు అటువైపు కూడా గోడే.

"పూడిపోయిందమ్మా. ముడి తీసినా దారి రాదు."

"ఇంకేమన్నా ఉపాయం ఉందా?"

"లేదు."

"ఆ ముక్క పొద్దున్నే చెప్పుంటే రెండు జాకెట్లు అయిపోయేవి గదండీ," అంటుంది.

ఆయన బయటికి వచ్చి చేతులు కడుక్కుని కిటికీ తెరుస్తాడు. వీధి పొడవునా జనం నిలబడి ఉన్నారు. అందరూ మెడలు ఒక పక్కకు కొద్దిగా వంచి ఉంచారు. ఒక్కొక్కరి మెడ నుంచి ఒక్కొక్క సన్నని ఎర్రని నాళం పిల్లకాలువలా బయలుదేరి, కరెంటు తీగల మీదుగా, కిటికీ చువ్వల సందుగా, వకుళ మెడలోకి చేరుతోంది. ఎవరూ తొందరపడటం లేదు. ఎస్తేరు నాళం ఆమె రాసుకుంటున్న రిజిస్టరు మీదుగా పోతోంది. అన్నింటికంటే లావుపాటిది భుజంగరావు కాలరులోంచి వస్తోంది.

ఆయన దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, ఊరంతా చూస్తుండగా, ముడి వేస్తాడు. గడియారం చూస్తూ నిమిషం లెక్కపెడతాడు.

నెత్తురు ఆగలేదు.