మెట్ట మీద లెక్కైన మంద

పశువుల ఆఫీసులో పటాలు గీసే ఆవిడకు ఆ రోజు చెయ్యి ఆడలేదు. దోమల వల్ల గొర్రెలకు జ్వరం పాకుతోంది. వాన ఎంత పడింది, నీళ్లు ఎక్కడ నిలిచాయి, మందలు ఎక్కడున్నాయి, ఈ మూడూ కలిసిన చోట పటంలో ఎరుపు. ఎరుపున్న చోటికే రేపు పొద్దున టీకాల బండ్లు వెళ్తాయి. ఆమె తమ్ముడుండే పల్లె ఆకుపచ్చగా వచ్చింది, అంటే అక్కడికి బండి వెళ్లదు.

అక్కడే తప్పు జరిగింది. ఆఫీసువాళ్లు మందను యజమాని ఇంటి దగ్గరే లెక్క రాస్తారు. తమ్ముడి ఇల్లు మెట్ట మీద, అక్కడ చుక్క నీరు నిలవదు. వానాకాలంలో మంద మాత్రం దిగువన, చెరువు వెనక పల్లంలో మేస్తుంది. చిన్నప్పుడు ఆమే తోలుకెళ్లేది. రికార్డులో తాము ఇంటిపట్టునే ఉన్నామని గొర్రెలకేం తెలుసు!

"నీ చిన్నప్పటి ముచ్చట్లు పటంలో ఎక్కించలేనమ్మా," అన్నాడు పై అధికారి. "యజమాని నోట చెప్పించు, సాయంత్రంలోగా మారుద్దాం."

తండ్రి పోయినప్పుడు ఆమె వేరేచోట ఇలాంటి జ్వరం వెంటే తిరుగుతూ కడచూపుకు అందలేదు. అప్పటి నుంచి నాలుగేళ్లుగా అక్కాతమ్ముళ్లకు మాటల్లేవు. ఆమెకు మిగిలింది ఒక అద్దె గది, ఈ రంగులూను. ఒంటరితనం అలవాటైపోయిందని అందరితో అంటుంది. పచ్చి అబద్ధం.

చివరికి ఆఫీసు ఫోన్ తీసి తమ్ముడి నంబరు కొట్టింది. "పశువుల ఆఫీసు నుంచండీ. మీ మంద ఇప్పుడు ఎక్కడుంది?"

"చెరువెనక పల్లంలోనండీ. నిన్నటి నుంచి ఏడు గొర్రెలు చచ్చిన పిల్లల్ని ఈనాయి."

"ఒట్టి చేతులతో ముట్టుకోకండి. ఈ జ్వరం మనుషులకూ అంటుతుంది. రేపు పొద్దున్నే బండి వస్తుంది."

"అలాగేనండీ. ఒక్క మాట. మా అక్క అక్కడే పనిచేస్తుంది. ఈ సంగతి ఆమె చెవిన వేయకండి. ఒక్కతే ఉంటుంది, కంగారు పడుతుంది."

గొంతు పోల్చుకున్నాడో లేదో ఆమెకు తెలియలేదు. నేనేరా అక్కని అనబోయి, "చెప్పనండీ," అంది.

ఫోన్ పెట్టేసి, పల్లానికి ఎరుపు వేసింది. పై అధికారి వచ్చి వెనక నిలబడ్డాడు.

"చెప్పింది యజమానేనా?"

"మా తమ్ముడండీ," అంది కళ్లైనా తుడుచుకోకుండా. "నన్ను కంగారు పడొద్దన్నాడు."