శనగనీళ్ళ నురగ

తెల్లసొన గిలక్కొట్టి కాల్చే నురగ కేకును కోడిగుడ్డు లేకుండా చేస్తానని మెర్లిన్ చెప్పిన రోజున వాళ్ళమ్మ ప్రేమలీల పడీపడీ నవ్వింది. "నీళ్ళు చిలికితే వెన్న వస్తుందటే పిచ్చిదానా?" అంది. మెర్లిన్ మైపాడునుంచి రోజూ పోయి నెల్లూరులో ఒక బేకరీలో కేకులు చేస్తుంది, వాదించడం ఆమె పద్ధతి కాదు. శనగలు నానబోసి, ఉడకబెట్టి, ఆ నీళ్ళను గంజిలా చిక్కబడేదాకా మరిగించి, చల్లార్చి, పంచదార పొడీ నాలుగు చుక్కల నిమ్మరసమూ వేసి బీటరుతో కొట్టి చూపించింది. గిన్నె బోర్లించినా జారకుండా తెల్లటి నురగ నిలబడింది. ప్రేమలీల వేలితో నాకి చూసి, "ఓరి దేవుడా, ఇదేం మాయే!" అని నోరెళ్ళబెట్టింది. ఆ తర్వాత తనూ నేర్చుకుంది. నేర్చుకున్నాక ఇరుగుపొరుగులందరికీ తనే కనిపెట్టినట్టు చెప్పుకుంది కూడాను.

ఈ తంటా అంతా అబిగయీలు కోసం. మెర్లిన్ అన్న సుశీల్ కుమార్ కూతురు అది, ఐదేళ్ళు నిండుతున్నాయి. దానికి గుడ్డు పడదు. పడదంటే ఒళ్ళు దురదపెట్టి ఊరుకునే రకం కాదు. రెండేళ్ళ కిందట ఎవరో పుట్టినరోజు కేకు ముక్క నోట్లో పెడితే పెదాలు వాచి, గొంతు పూడుకుపోయి, పిల్ల నీలంగా మారిపోయింది. "ఇంకాస్త ఆలస్యమై ఉంటే..." అని డాక్టరు మిగతా మాట మింగేశాడు. ఆయన మింగిన మాట పిల్ల తల్లి ఫ్లోరా గుండెలో ఇరుక్కుపోయింది. పాము కరిచినవాడు తాడును చూసి జడుసుకుంటాడంటారు. ఫ్లోరా తాడు పేరెత్తినా జడుసుకునేది. పెళ్ళిళ్ళకు పోదు, పోయినా ఇంటినుంచి తెచ్చిన డబ్బాలోదే తినిపిస్తుంది. కాపురం సూళ్లూరుపేటలో. అత్తగారి ఊరు మైపాడుకు రావడమే మానేసింది.

పిల్ల పుట్టినరోజు మైపాడులో చేద్దామని అలాంటి వదినను ఫోనులో బతిమాలి బతిమాలి మెర్లిన్ ఒప్పించింది.

"గుడ్డనేది మా ఇంటి గడప తొక్కదు వదినా. నా మీద వదిలెయ్. బిడ్డ ఒక్కసారన్నా తన కేకు తను కోసుకోవద్దా?"

"నిన్ను నమ్మి తెస్తుండా మెర్లిన్," అంది చివరికి ఫ్లోరా. "దానికేమన్నా అయితే నేను బతకను."

ఆ మాట విన్నప్పటినుంచీ మెర్లిన్‌కు అన్నం సయించలేదు. ఇంట్లో ఉన్న గుడ్లన్నీ పక్కింటి చెంచులక్ష్మికి ఇచ్చేసింది. గిన్నెలు, బీటరు పుల్లలు, ఓవెన్ రేకు వేడినీళ్ళతో తోమిందే తోమింది. ముందురోజే శనగనీళ్ళు మరిగించి, స్టీలు గిన్నెలో పోసి ఫ్రిజ్‌లో పెట్టింది.

పుట్టినరోజు పొద్దున పళ్ళ కోసం నెల్లూరు పోవలసి వచ్చింది. మైపాడులో చేపలకు కొదవ లేదు గాని మంచి మామిడిపండు దొరకదు. "నేనొచ్చేలోగా నురగ కొట్టి ఓవెన్లో పెట్టెయ్యమ్మా, నీకు తెలుసుగా," అని చెప్పి బస్సెక్కింది.

తిరిగొచ్చేసరికి ఇల్లంతా కాలిన పంచదార వాసన కమ్మగా ఉంది. ఓవెన్ అద్దంలోంచి చూసి మెర్లిన్ ఆశ్చర్యపోయింది. సముద్రపు గాలి తేమకు ఇంతకుముందు రెండుసార్లు నురగ చెమ్మగిల్లి కూలిపోయింది. ఈసారి తెల్లగా, పొడిగా, ఎక్కడా పగులు లేకుండా లేచి నిలబడింది.

"నా బంగారు తల్లీ, నీ చెయ్యి పడితే చాలే!" అని తల్లి బుగ్గ మీద ముద్దు పెట్టింది. ప్రేమలీల ముసిముసిగా నవ్వి, "పో పోవే," అని చారు గిన్నె మీద మూత సర్దింది.

కొబ్బరిపాల మీగడ పూసి, పైన బంగినపల్లి ముక్కలు, దానిమ్మ గింజలు, నల్లద్రాక్ష పేర్చారు. మధ్యాహ్నం అమ్మానాన్నలతో కారు దిగిన పిల్ల దాని చుట్టూ గిరగిరా తిరిగింది. "ఇది నాదేనా అత్తా? నేను తినొచ్చా? నిజంగా?" అని ఒకటే అడగడం. మెర్లిన్‌కు కళ్ళు చెమర్చాయి.

సాయంత్రం కృతజ్ఞత కూడిక. పాస్టరు సమాధానం అయ్యగారు వచ్చారు, సంఘంలోని ఆడవాళ్ళు చాపల నిండా కూర్చున్నారు. అబిగయీలును కుర్చీలో కూర్చోబెట్టి ముందు టీపాయ్ మీద కేకు పెట్టారు. అయ్యగారు ప్రార్థన ముగించి ఆమెన్ అంటేగాని ఆ ఇళ్ళలో కేకు మీద కత్తి పడదు. సమాధానం అయ్యగారు కళ్ళు మూసుకున్నారంటే పొయ్యిమీద అన్నం మాడినా తెరవరని ఊళ్ళో పేరు. దేశాధినేతల దగ్గర మొదలుపెట్టి, వేటకు పోయిన పడవల మీదుగా, పుట్టినరోజు బిడ్డ దాకా రావాలి మరి.

ఆయన పడవల దగ్గర ఉండగా మెర్లిన్ వడ్డన చూద్దామని వంటింట్లోకి వచ్చింది. తల్లి విస్తరాకులు తుడుస్తోంది. ఉప్పు చూద్దామని మెర్లిన్ గరిటెడు చారు అరచేతిలో పోసుకుని నాలుకకు తగిలించింది. చారు చిక్కగా, కమ్మగా ఉంది.

"ఏం పోసినావమ్మా దీంట్లో?"

"శనగనీళ్ళు."

"ఏ శనగనీళ్ళు?"

ప్రేమలీల కాస్త తడబడింది. "అదేనే, ఫ్రిజ్‌లోవి. పొద్దున్నే నిద్ర మబ్బులో చేతికందినయ్యి, చింతపండు రసంలో పోసేసినా. పోసినాక గుర్తొచ్చింది. శనగనీళ్ళు కనబడితే చారు పెట్టడమే గదా ఈ చేతులకు తెలిసింది."

మెర్లిన్ గరిటె కింద పెట్టింది. "మరి... కేకు?"

"గాభరా పడబాక. చెంచులక్ష్మి కాడ గుడ్లు తెచ్చి కొట్టినా. పచ్చసొన ఒక్క చుక్క పడనీలా! వేడి చేసేది పచ్చసొనే గదా. తెల్లసొన చలువ. చెయ్యి కాలితే పూసేది దాన్నే గదే. చెప్తే మీరిద్దరూ ఊరికే బెదురుకుంటారని చెప్పలా..."

మిగతాది మెర్లిన్‌కు వినబడలేదు. పరుగెత్తింది.

హాల్లో అందరి తలలూ వంగి ఉన్నాయి. అందరి కళ్ళూ మూసి ఉన్నాయి. రెండేళ్ళుగా పిల్ల మీదనుంచి చూపు తిప్పని ఫ్లోరా కూడా, ఆడబిడ్డ మాట నమ్మి, చేతులు జోడించి నిశ్చింతగా కళ్ళు మూసుకుంది. అంతమందిలో కళ్ళు తెరిచి ఉన్నది అబిగయీలు ఒక్కతే. కేకు అంచు విరిగి ఉంది. పిల్ల పెదాల మీద తెల్లటి పొడి.

"ఉమ్మెయ్! ఉమ్మెయ్ తల్లీ!"

ప్రార్థన మధ్యలో అంత కేక ఆ సంఘంలో ఎవరూ ఎన్నడూ విని ఎరగరు. అయ్యగారి మాట గొంతులోనే ఆగిపోయింది. మెర్లిన్ పిల్ల నోట్లో వేలు పెట్టి కెలికింది. పిల్ల హడలిపోయి ఏడ్చింది. "కొంచెమే అత్తా... కొంచెమే తిన్నా..."

"వదినా," అంది మెర్లిన్. ఆ నాలుగు ముక్కలూ చెప్పడం కంటే చావు నయమనిపించింది. "దాంట్లో గుడ్డు పడింది వదినా."

ఫ్లోరా ఒక్కసారి ఆమె ముఖంలోకి చూసింది. తిట్టలేదు, ఏడవలేదు. ఒక్క క్షణం కూడా కళ్ళు మూసుకోకూడదన్న సంగతి మర్చిపోయినందుకు తననే తిట్టుకుంటున్నట్టు ఉంది ఆ చూపు. అప్పటికే పిల్ల పెదవి ఉబ్బుతోంది. ఏడుపు బొంగురుపోయి దగ్గు అయింది, దగ్గు ఈల అయింది. ఫ్లోరా చేతిసంచిలోంచి డాక్టరు ఇచ్చిన సూదిమందు తీసింది. "కాళ్ళు పట్టుకో," అంది. మెర్లిన్ పట్టుకుంది. సూది తొడలో దిగుతుంటే తన గుండెలో దిగినట్టే అయింది.

సుశీల్ కారు తీశాడు. ఎవరూ రమ్మనకపోయినా ప్రేమలీల వచ్చి ముందు సీట్లో కూర్చుంది. నెల్లూరు దారి ఎన్నడూ లేనంత పొడుగైంది. ఎదురుగా గేదెలు, రొయ్యల లారీలు, సందు ఇవ్వని ఆటోలు. పిల్ల ఊపిరి లోపలికి పోయినప్పుడల్లా మెర్లిన్ అది బయటికి వచ్చేదాకా తన ఊపిరి బిగపట్టింది. యేసయ్యా, నా చేతులు పడిపోయినా సరే, నేనింకో కేకు చేయకపోయినా సరే, ఈ బిడ్డను వదిలెయ్ అని మనసులో మొత్తుకుంది.

"తెల్లసొనే గదా వేసినా..." అని ముందు సీట్లో ప్రేమలీల గొణిగింది. వెనకనుంచి పిల్ల ఊపిరి ఈల వినిపించింది. మళ్ళీ ఆమె ఆ మాట అనలేదు.

ఆస్పత్రిలో పిల్లను లోపలికి తీసుకుపోతూ డాక్టరమ్మ అడిగింది. "ఏం తిన్నది?"

"నేను చేసిన..." అని మెర్లిన్ నోరు తెరిచింది.

"నేనమ్మా," అంది ప్రేమలీల. "గుడ్డు. నేనే పెట్టినా."

తలుపు మూసుకుంది. ఆ తలుపు బయట నలుగురూ నాలుగు దిక్కులా కూలబడ్డారు. ఫ్లోరా గోడకు తల ఆనించి కళ్ళు తెరుచుకునే ఉంది. రెప్ప వేస్తే పిల్ల పోతుందేమోనని భయపడే మనిషిలా ఉంది. మెర్లిన్ ఆమె దగ్గరికి పోవాలని రెండుసార్లు లేచి, ధైర్యం చాలక మళ్ళీ కూర్చుంది. ప్రేమలీల మాత్రం తన చేతులనే చూసుకుంటోంది.

చివరికి డాక్టరు బయటికి వచ్చి, "సూది వెంటనే వేశారు, బతికించుకున్నారు," అంది. "ఇవాళ ఇక్కడే ఉంచండి. ఆయాసం మళ్ళీ రావచ్చు, కనిపెట్టి ఉండాలి."

లోపల మంచం మీద అబిగయీలు ముఖం ఇంకా ఉబ్బే ఉంది. ఊపిరి మాత్రం ఈల లేకుండా ఆడుతోంది. కాసేపటికి కళ్ళు విప్పింది. మంచం పక్కన అందరికంటే దగ్గరగా ఉన్నది ప్రేమలీలే. ఆమె పక్కన బల్ల మీద నీళ్ళ సీసా ఉంది.

"జేజీ, నీళ్ళు," అంది పిల్ల.

ప్రేమలీల చెయ్యి ముందుకు పోయి సగంలో ఆగింది. చటుక్కున రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది. "నేను వద్దు తల్లీ. మీ అమ్మనడుగు," అంది.

"నువ్వియ్యి జేజీ," అంది పిల్ల, ఏమీ ఎరగనట్టు.

కొద్దిగా తాగించవచ్చని నర్సు చెప్పింది. మెర్లిన్ వదిన వంక చూసింది. ఫ్లోరా లేచి వచ్చింది. సీసా మూత తీసింది. వట్టి నీళ్ళే అయినా ముందు తను ఒక గుక్క తాగి, మింగి, కాసేపు ఆగింది. అప్పుడు అత్తగారి కొంగు కిందనుంచి చెయ్యి బయటికి తీసి, అందులో సీసా పెట్టింది.

"తాపండి అత్తమ్మా," అంది.