గోడవతలి గుండుసొర

రామ్‌కిషన్ పటేలుకు ఊళ్లో రెండింటి వల్ల పేరొచ్చింది. ఒకటి ఆయన పొట్ట. రెండోది ఆయన పెరట్లో కాసే పొడుగు సొర. పొట్ట సంగతి ఆయన ఎత్తడు. సొరకాయ సంగతి మాత్రం ఎవరూ అడగకపోయినా ఎత్తుతాడు.

"మా తాత నాటి ఇత్తు ఇది. పొద్దుగాల చూస్తే బెత్తెడు, మాపటికి మూరెడు" అంటూ చేతులు చాచేవాడు. పక్కనున్నవాళ్లు ముక్కు తప్పించుకోవడం నేర్చుకున్నారు.

ఝరాసంగం దగ్గరి ఆ ఊళ్లో సొర తీగ లేని ఇల్లు లేదు గానీ, పటేలు లెక్కలో సొర అంటే తనదే. అలాంటిది ఆ ఏడు మృగశిర కార్తెలో గోడవతల సంగమ్మ కొత్తరకం విత్తనం పెట్టింది. సంగమ్మ పుట్టిల్లు బీదర్ దిక్కు. మనిషి పిడికెడు, నోరు గంపెడు. పుట్టింటికి పోయి వస్తూ గుండుసొర గింజలు తెచ్చి బర్రెల కొట్టం పక్కన పాతింది.

రెండిళ్ల గింజలూ ఒకే వానకు మొలిచాయి. ఆ రోజే పందెం మొదలైంది. పందెమున్నట్టు సంగమ్మకు తెలియదు. ఆమెకు బర్రెలున్నాయి, చేనుంది, పటేలుతో పందెం కాసే తీరిక లేదు.

పొడుగు సొర తీగ పెళ్లివారి బస్సుకు వేళయినట్టు ఉరికింది. పుష్యమి కార్తె దాటకముందే పందిరెక్కి కూర్చుంది. గుండుసొర నేలమీదే పడుకుని, విసనకర్రలంత ఆకులు పరుచుకుని, లేవనా వద్దా అని ఆలోచిస్తున్నట్టు ఉంది. పటేలు రోజూ నోట్లో వేపపుల్ల పెట్టుకుని, గోడవారనున్న రాయెక్కి తొంగి చూసేవాడు. పళ్లు తోమడానికి అంతసేపు పట్టే మనిషి ఆ చుట్టుపక్కల ఇంకొకడు లేడు.

ఒకనాడు సంగమ్మ తీగ కొసను గోటితో తుంచడం చూసి ఆయనకు నవ్వాగలేదు.

"ఏం సంగమ్మా, అది లేచి నిలబడనే లేదు, అప్పుడే తలకాయ తీస్తివి?"

సంగమ్మ తలెత్తి చూసింది. "కొస తుంచితే పక్కకొమ్మలు పెడ్తది పటేలా. ఆడపూలు వాటికే ఎక్కువొస్తయి. నీ తీగ చూడు, అన్ని మగపూలే. పనిలేని మొగోళ్లంత పందిరెక్కి కూసున్నట్టున్నది."

ఇంట్లోంచి ఆయన భార్య సుగుణమ్మ నవ్వు వినిపించింది. పటేలు పుల్ల ఊసేసి రాయి దిగాడు.

అయినా మొదటి కాయ ఆయనదే. ఆ తర్వాత కాయలు ఆగలేదు. పప్పులో సొరకాయ, పులుసులో సొరకాయ, పచ్చట్లో సొరకాయ. "కలల గూడ సోరకాయలే వస్తున్నయి, జర ఒక్కరోజు వంకాయ తే" అని సుగుణమ్మ మొత్తుకుంది. ఆయన వినలేదు. ఒక కాయను గోడమీంచి సంగమ్మకు అందించి, "పాపం, నీది ఇంకా పండుకునే ఉన్నట్టుంది, వండుకో" అన్నాడు. సంగమ్మ దాన్ని ముక్కలు కోసి బర్రెకు పెట్టింది.

దసరా నాటికి కథ తిరగబడింది. పొడుగు సొర ఆకులు పండుబారాయి, పిందెలు వంకర తిరిగాయి. ఉరికినంత కాలం ఉరికి ఆయాసపడి కూలబడింది. సరిగ్గా అప్పుడు గుండుసొరకు మెలకువొచ్చింది. కొట్టం రేకులెక్కింది, గోడెక్కింది, గోడ దిగి పటేలు పందిరి మీద వాడిన తీగ పక్కనే ఠీవిగా పరుచుకుంది. సాయంత్రమయ్యేసరికి ఆయన నెత్తిమీద ఆమె తెల్లపూలు విచ్చుకునేవి. అందులో ఒక పిందె దిగి, చలికాలమంతా నింపాదిగా ఊరి, నీళ్లబిందెంత అయింది.

"నా పందిరికి కాసింది, నాదే" అన్నాడు పటేలు.

"అట్లనా? రేపు నీ బర్రె నా కొట్టంల ఈనితే దుడ్డె నాదేనా?" అంది సంగమ్మ.

దానికి జవాబు వెతకడంలోనే సంక్రాంతి వెళ్లిపోయింది. కాయ ఎండి గోధుమరంగుకు తిరిగింది. జహీరాబాద్‌లో పాత విత్తనాల జాతర ఉందని తెలిసింది. జాతర ముందురోజు మధ్యాహ్నం సంగమ్మ చేనుకు పోగానే, కాయను తనదిగా అక్కడ చూపాలని పటేలు స్టూలేసుకుని పందిరికింద నిలబడ్డాడు. కాయను రెండు చేతులా వాటేసుకుని లాగాడు. అది రాలేదు. ఇంకా గట్టిగా లాగాడు. పందిరి గుంజకు ఎప్పుడో చెదలు పట్టి ఉంది. కాయ, కట్టెలు, ఎండుతీగ, పటేలు అందరూ కలిసి కిందికొచ్చారు.

చప్పుడుకు సుగుణమ్మ పరుగెత్తుకొచ్చింది. చేను దారిలోంచి సంగమ్మా వెనక్కి ఉరికొచ్చింది. పటేలు వెల్లకిలా పడి ఉన్నాడు, పొట్టమీద కాయ. సంగమ్మ ముందు కాయను తట్టి చూసింది.

"పగల్లేదు" అంది. తర్వాత పటేలు కాలు చూసి, "ఇది మాత్రం వాసింది. దవాఖానకు నడువు" అంది.

షేర్ ఆటోలో ఆడవాళ్లిద్దరి నడుమ కాయ కూర్చుంది. పటేలు డ్రైవర్ పక్కన మూలుగుతూ వేలాడాడు. దవాఖానలో డాక్టరు, ఎట్ల పడ్డవని అడిగాడు. "పొరుగింటి కాయకు ఆశపడ్డడు సార్" అంది సుగుణమ్మ. చీలమండ బెణికిందని కట్టు కట్టారు.

మర్నాడు ఇంట్లో పడి ఉండమంటే ఆయన వినలేదు. కర్ర పట్టుకుని జాతరకొచ్చి సంగమ్మ వెనకాలే కుర్చీ వేసుకున్నాడు. కాయను చూసి జనం మూగారు. జాతర నడిపే అనిత మైకు తెచ్చింది.

"అమ్మా, ఇది ఎప్పుడు పూసింది? ఎన్నాళ్లు కాసింది? జర చెప్పు."

"ఏమో బిడ్డా" అంది సంగమ్మ. "బర్రెలతోనే తెల్లారుతది నాకు. కాసింది, తెచ్చిన."

పటేలు పెదవి కొరుక్కున్నాడు. కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. ఆయనవల్ల కాలేదు, మైకు అందుకున్నాడు.

"పుష్యమి కార్తెల కొస తుంచింది. మఖల పక్కకొమ్మలు పెట్టింది. హస్తల మొదటి ఆడపువ్వు, కొట్టం రెండో రేకు మీద, పొద్దుగూకంగ ఇచ్చుకుంది. గది రాలింది. చిత్తల నిలిచిన పిందె ఇదే. మాది చూడు, ఆశ్లేషలనే కాసి చిత్తకు సచ్చింది. ఇది గప్పుడే లేచింది. ఆ ఇత్తు గుణమే అంత."

అంతా ఆయనవైపు తిరిగారు. సంగమ్మ నడుంమీద చేతులు పెట్టుకుంది.

"ఓ పటేలా! నా పెరటి సంగతి నాకన్న నీకే ఎక్కువ ఎరుకున్నదే!"

జాతర గుడారమంతా గొల్లున నవ్వింది. ఆ నవ్వుల మీంచి సుగుణమ్మ గొంతు వినిపించింది. "నా మొదటి కాన్పు ఏ కార్తెల అయిందో అడుగున్రి, నీళ్లు నములుతడు."

పటేలు చెవులు ఎర్రబడ్డాయి. మైకు మాత్రం వదల్లేదు. సిగ్గు ఎలాగూ పోయింది, తెలిసింది చెప్పకుండా ఉండటం దేనికనుకున్నాడు. రెండు తీగల ఆకు తేడా, కొమ్మ తేడా, తోలు మందం, ఏది వానకు తట్టుకుంటుంది, ఏది చలికి నిలబడుతుంది, అంతా చెప్పాడు. చెబుతున్నకొద్దీ ఆయనకే ఆశ్చర్యమేసింది. ఇన్నాళ్లూ కుళ్లుకున్నాననుకున్నాడు. చూస్తే ఆ తీగను ఇష్టపడ్డాడు.

సంగమ్మ కాయను రాయికేసి కొట్టి పగలగొట్టింది. దోసిట్లోకి గలగలా గింజలొచ్చాయి. అందులో గుప్పెడు ఆయన చేతిలో పోసింది.

"తీస్కో. మర్ల కాలిరిగితే నేను రాను దవాఖానకు."

"మరి నా పొడుగుది నువ్వు పెడ్తవా?" అన్నాడు పటేలు, ఎన్నడూ లేనంత మెల్లగా.

"పెడ్త. వానకాలం కూర నీది, చలికాలం కూర నాది" అంది సంగమ్మ.

సుగుణమ్మ తల పట్టుకుంది. "అంటే ఇగ ఏడాదంత సోరకాయేనా?"