ఉప్పు చల్లిన ఐసు

నేను ఒక గాజు సీసాను. మీ చిటికెన వేలంత ఉంటాను. నెత్తిన రేకు టోపీ, దాని కింద రబ్బరు బిరడా, లోపల చెంచాలో సగానికి కూడా రాని మందు. ఇంత చిన్నదానికి ఆత్మకథేమిటని నవ్వకండి. మనుషులు రాసుకునే ఆత్మకథల నిండా వాళ్ళు చేసిన ఘనకార్యాలే ఉంటాయి. నా కథలో నేను చేసిందేమీ లేదు. పుట్టిన దగ్గర నుంచి ఎవరో ఒకరు నన్ను ఎక్కడో ఒకచోట పెట్టి మూత వేయడమే నా బతుకు.

నాలోని మందు మనుషుల రక్తం నుంచి తీసినది. ఏ ఊళ్ళోనో ఎవరెవరో చేతులు చాచి ఇచ్చిన రక్తం. అది ఏ కులం వాళ్ళదో, ఏ దేవుడికి మొక్కే వాళ్ళదో నాకు తెలియదు. నన్ను కొన్నవాళ్ళూ అడగలేదు. పెళ్ళి సంబంధం దగ్గర ఏడు తరాలు తవ్వి చూసే మనుషులు సూది దగ్గరికి వచ్చేసరికి ఇంత ఉదారంగా ఎలా మారిపోతారో నాకు ఇప్పటికీ అంతుబట్టదు.

నా పనేమిటో చెప్పాలి. కొందరు ఆడవాళ్ళ రక్తం నెగటివ్. అది జబ్బు కాదు, కొందరివి పిల్లికళ్ళు అయినట్టు అంతే. కానీ బిడ్డ తండ్రిని పోలి పాజిటివ్ అయితే, కాన్పులో బిడ్డ రక్తం కాస్త తల్లి ఒంట్లో కలుస్తుంది. తల్లి ఒళ్ళు దాన్ని పరాయిదనుకుని పగబడుతుంది, దాని మీదికి ఆయుధాలు తయారు చేసి దాచుకుంటుంది. పుట్టిన బిడ్డకేమీ కాదు. ఆ దెబ్బ తర్వాత కడుపులో పడే బిడ్డకు తగులుతుంది, తల్లికి తెలియకుండా తల్లి ఒంట్లోనే. కాన్పయిన మూడు రోజుల్లోగా నేను ఆమె ఒంట్లోకి వెళ్ళగలిగితే, ఆమె ఒళ్ళు పసిగట్టకముందే ఆ కాస్త రక్తాన్నీ ఊడ్చేస్తాను. దానికి నేను చల్లగా ఉండాలి, గడ్డ మాత్రం కట్టకూడదు. గడ్డకట్టి కరిగాక చూడటానికి అలాగే ఉంటాను గానీ, లోపల మంచినీళ్ళకూ నాకూ తేడా ఉండదు.

విజయనగరంలో ఒక మందుల షాపు ఫ్రిజ్జులో నెలల తరబడి పడి ఉన్నాను. అటు ఇన్సులిన్ సీసాలు, ఇటు పాముకాటు మందు, పై అరలో షాపు యజమాని పెరుగు ప్యాకెట్టు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా వెలుగు పడేది, ఒక చెయ్యి వచ్చి నా పక్కవాళ్ళను తీసుకుపోయేది, మళ్ళీ చీకటి. పెరుగు ప్యాకెట్టుకున్న గిరాకీ కూడా నాకు లేదు. ఏ తల్లినీ చూడకుండానే గడువు తీరి చెత్తలోకి పోతానేమోనని ఒకటే బెంగ.

ఒకనాటి పొద్దున్న గురువులు అనే ఆయన వచ్చాడు. తలంతా నెరిసిన మనిషి, భుజాన తడి తువ్వాలు, చేతిలో ఎర్రగుడ్డ చుట్టిన రేకు డబ్బా. సాలూరు వైపు కొండల కింది ఊళ్ళో కుల్ఫీ బండి ఆయనది. కూతురు హైమావతి అంతకు రెండు రోజుల ముందే అక్కడి ఆసుపత్రిలో ఆడపిల్లను కన్నది. తొలి కాన్పు. తల్లిది నెగటివ్, పిల్లది పాజిటివ్. ఆసుపత్రిలో మందు నిండుకుంది, విజయనగరం నుంచి తెచ్చుకోమన్నారు. అల్లుడు ఢిల్లేశ్వరరావు లారీ తోలుకుని ఒడిశా వెళ్ళాడు. అతను తిరిగి వచ్చేదాకా ఆగే ఓపిక ఈయనకు లేదు.

"ఇదొక్కటే ఉందండీ, ఆఖరిది" అన్నాడు షాపతను. "చల్లగా పట్టుకెళ్ళాలి. ఐసు ప్యాకు పెట్టమంటారా?"

"ఐసు గురించి నాకు సెప్తావేటి బాబూ!" గురువులు నవ్వాడు. "ముప్పై ఏళ్ళనుంచి ఐసుతోటే కాపరం సేస్తన్నాను. రోహిణి ఎండలో కూడా నా కుల్ఫీ సుక్క కారదు."

షాపతను ఇంకేదో చెప్పబోయాడు. అంతలో ఎవరో జ్వరం మాత్రలడిగారు, ఆ మాట అతని నోట్లోనే ఉండిపోయింది.

చేపల బజారులో ఐసు దొరికింది. కల్లుప్పు ఇంటి దగ్గర నుంచే తెచ్చుకున్నాడు. బస్టాండు అరుగు మీద కూర్చుని, పూజకు కూర్చున్నంత శ్రద్ధగా పని మొదలుపెట్టాడు. నా అట్టపెట్టె కుల్ఫీ గొట్టంలో పట్టదు, అందుకని దాన్ని విప్పి మడిచి జేబులో పెట్టుకున్నాడు. గడ్డకట్టనివ్వకూడదన్న ముక్క దాని మీద ఇంగ్లీషులో ఉంది. నన్ను రేకు గొట్టంలో దించి, మూత పెట్టి, గాలి చొరకుండా చుట్టూ మైదాపిండి పూసి బిగించాడు. డబ్బాలో ఒక వరుస ఐసు, గుప్పెడు ఉప్పు, నా గొట్టం, మళ్ళీ ఐసు, మళ్ళీ ఉప్పు. పైన తడిగుడ్డ. నిజం చెప్పొద్దూ, నన్ను అంత ముద్దుగా అంతకుముందు ఎవరూ చూసుకోలేదు.

ఉప్పు తగిలిన ఐసు మామూలు ఐసు కంటే ఎంతో చల్లన. పాలను కుల్ఫీగా బిగించేది ఆ చలే. ఆ సంగతి గురువులుకు తెలిసినంత బాగా ఆ జిల్లాలో ఇంకెవరికీ తెలియదు. నాకు అది పనికిరాదని మాత్రం ఆయనకు ఎవరూ చెప్పలేదు.

బస్సు కదిలింది. డబ్బా ఆయన ఒళ్ళో ఉంది, నేను డబ్బాలో ఉన్నాను, చలి నా గాజును కొరుకుతోంది. పక్క సీటు పెద్దమనిషి డబ్బాలో ఏముందని అడిగాడు. అడగడమే తడవు, గురువులు మొదలుపెట్టాడు.

"నా మనవల పేనాలున్నాయి బాబూ ఇందల. ఇప్పుడు పుట్టింది కాదు, రేపు పుట్టబోయీవోలు. నాకు పెద్దోడు బాగానే పుట్టినాడు. ఆడి తరవాత ఒక గుంటడు, ఆ తరవాత ఒక గుంట. రెండో రోజుకే పసుపుముద్దల్లాగ అయిపోనారు. పసరు పోయించినాం, తాడు కట్టించినాం. నిలవనేదు. ఇరవై ఒకటో రోజు దాకా కూడా నేరు, పేరయినా ఎట్టనేదు. ఆఖరికి ఈ హైమ నిలిచింది. దీనిది తల్లి రత్తమేనట, అందుకని బతికిందట. మొన్న డాక్టరమ్మ సెప్తే తెలిసింది."

"పాపం, మీ ఆవిడ ఎంత బాధపడిందో."

గజపతినగరంలో బస్సు ఆగి, మళ్ళీ బయలుదేరింది. గురువులు గొంతు తగ్గించాడు. "మాయమ్మ దాన్ని బిడ్డల్ని మింగిన కడుపు అనీది. నానూ అన్నాను, ఒకసారి కాదు."

"ఆవిడ తప్పేం లేదని తెలిసింది కదా. ఆ మాట చెప్పారా మరి?"

"పాత సంగతులు ఇప్పుడెందుకు బాబూ" అని గురువులు డబ్బాను ఇంకా దగ్గరికి లాక్కున్నాడు.

అప్పటికి నా అంచుల్లో పలుకులు కట్టడం మొదలైంది. ఎంత భయమేసిందో మాటల్లో చెప్పలేను. గురువులూ, మూత తియ్యి, నీ చేత్తోనే నన్ను చంపుతున్నావు అని అరిచాను. గాజుకు గొంతేది? గాజు చుట్టూ రేకు, రేకు చుట్టూ మైదా, దాని చుట్టూ ఐసు, ఐసు చుట్టూ ఆ మనిషి రెండు చేతులు. ప్రేమగా పట్టుకున్న చేతుల్లోంచి తప్పించుకోవడం ఎవరి తరమూ కాదు. రామభద్రపురం చేరేసరికి నేను అడుగు దాకా బిగుసుకుపోయాను.

ఆసుపత్రి వరండాలో ఆయన పిండి గీకి గొట్టం తెరిచాడు. రాయిలా ఉన్న నన్ను చూసి మొహం వెలిగిపోయింది. అయితే సూదిలోకి ఎక్కాలంటే మందు కరగాలి కదా. చంకలో పెట్టుకుని అటూ ఇటూ పచార్లు చేశాడు. ఆ వేడికి కరిగి తేటగా అయ్యాను. ఎవరు చూసినా ఏ లోపమూ కనిపించని తేటదనం.

హైమావతి మంచం మీద పిల్లకు పాలిస్తోంది. ఆమె తల్లి పారమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని పాత చీర చింపి పొత్తిళ్ళు మడుస్తోంది. గ్రేసమ్మ సిస్టరు నన్ను అందుకుని, వెలుగుకు పట్టి చూసి, టోపీ ఊడదీసింది. నేను పుట్టిన క్షణం నుంచి ఎదురుచూసిన ఘడియ అదే. అది రాకుండా ఉంటే బాగుండునని ఇప్పుడు దండం పెట్టుకుంటున్నాను. హైమావతి ఒంట్లోకి పోతాను, ఏమీ చేయలేను. అందరూ నిశ్చింతగా ఇంటికి వెళతారు. రెండో బిడ్డ పసుపుపచ్చగా పుట్టిననాడు గానీ ఎవరికీ తెలియదు. అప్పుడు కూడా తిట్లు తినేది హైమావతే.

"చల్లగానే తెచ్చావా తాతా?" సూది అందుకుంటూ మాటవరసకు అడిగింది సిస్టరు.

"సల్లగానా! ఏటమ్మా అలగంతావు? గురువులు సెయ్యి పడితే మాటలా? ఉప్పేసి ఎట్టినాను. రాయి కట్టీసింది. సంకలో ఎట్టి కరిగించి మరీ ఇచ్చినాను!"

సూది మొన రబ్బరు దగ్గర ఆగిపోయింది.

ఈ మనుషుల గొప్పలు చెప్పుకునే గుణాన్ని నేను చాలాసార్లు వెటకారం చేశాను. ఆ రోజు ఆ గుణానికే మొక్కాలనిపించింది.

"గడ్డకట్టిందా?" సిస్టరు నన్ను కిటికీ గట్టు మీద పెట్టేసింది. "అయ్యో తాతా. గడ్డకడితే ఇది ఇంక మందు కాదు. నీళ్ళే."

"సల్లగా తెమ్మన్నారు గదమ్మా."

"చల్లగా అంటే ఫ్రిజ్జులో కింద అర అంత. కుల్ఫీ అంత కాదు. రేపు మధ్యాహ్నానికి మూడు రోజులు నిండిపోతాయి. వెంటనే ఇంకొకటి తేవాలి."

"ఆఖరిదే ఉందన్నాడు షాపాయన" అన్నాడు గురువులు. ఆ మాట ఆయనకే వినపడనంత నెమ్మదిగా అన్నాడు. చంకలో నా తడి ఇంకా ఆరలేదు.

హైమావతి ఏడుపు ఆపుకోలేకపోయింది. "అన్నీ నీకే తెలుసు గదా అయ్యా! ఎవులు సెప్పినా ఇనవు. రేపు నా కడుపు కూడా అమ్మ కడుపులాగ అయిపోతే? మా అత్తోలు నన్నేటంతారు? నా బిడ్డల్ని నీ సేత్తోనే..."

"ఊరుకోయే!"

అన్నది పారమ్మ. పొత్తిళ్ళ గుడ్డ పక్కన పెట్టి లేచి నిలబడింది. "ఆయన్ని ఏటీ అనకు. ఆయన తెలిసి సేసినాడా? పేనం ఎట్టి మోసుకొచ్చినాడు. మంచి జరగాలనే సేసినాడు." మొగుడి వైపు చూడలేదు, కూతురి వైపూ చూడలేదు. "నాను మట్టుకు తెలిసి సేసినానా ఆయేల? నాకు మాత్రం ఆల్లు నా బిడ్డలు కారా? నా గురించి ఇలగ ఒక్కలయినా అన్నారా?"

గురువులు గోడకు చేరబడి, చూస్తుండగానే నేల మీదికి జారి కూర్చున్నాడు. ఆయన్ని చూస్తే నాకు కోపం పోయి జాలి వేసింది. నేను ఒక్క పూటే బిగుసుకుపోయాను. పారమ్మ ఇన్నేళ్ళూ అలాగే ఉంది, ఎవరి చంక వెచ్చదనమూ లేకుండా.

అప్పుడే ఢిల్లేశ్వరరావు లారీ దిగి దుమ్ముకొట్టుకుపోయిన లుంగీతో వచ్చాడు. సంగతి విని "నానెల్తాను మామా" అన్నాడు. గురువులు వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. సిస్టరు దగ్గర టీకాల పెట్టె అడిగి తీసుకున్నాడు. అందులో మందు ఎలా పెట్టాలో, ఐసు ప్యాకుకు ఎలా తగలకుండా చూడాలో చెప్పించుకున్నాడు. మళ్ళీ చెప్పించుకున్నాడు. తన కుల్ఫీ డబ్బాను మాత్రం ముట్టుకోలేదు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"పారీ, నువ్వూ రా. నన్ను నాను నమ్మను."

ఆమె చెప్పులేసుకుని బయలుదేరింది.

నేను కిటికీ గట్టు మీద ఉండిపోయాను. ఆ సాయంత్రం హైమావతి పిల్లను గుండెకు అదుముకుని నన్ను చూస్తూ పడుకుంది. నన్ను తిట్టినా బాగుండేది. రెండడుగుల దూరంలో ఆమె, నిండుగా నేను. ఆమె ఒంట్లోకి పోయినా చేసేదేమీ లేదు. తెల్లారింది, ఎండ గట్టెక్కి నా మీద పడింది, వాళ్ళు రాలేదు. సిస్టరు రెండుసార్లు గేటు దాకా వెళ్ళి చూసి వచ్చింది. ఢిల్లేశ్వరరావు బీడీ వెలిగించడం, ఆర్పడం, మళ్ళీ వెలిగించడం.

పదింటి బస్సుకు వాళ్ళు దిగారు. టీకాల పెట్టె పారమ్మ చంకలో ఉంది. గురువులు తన తువ్వాలు దాని మీద ఎండ పడకుండా పట్టుకుని పక్కనే నడుస్తున్నాడు. పెళ్ళినాడైనా ఆయన ఆమె పక్కన అంత జాగ్రత్తగా నడిచి ఉండడు. సిస్టరు కొత్త సీసాను తీసి చూసింది, తల ఊపింది. సూది దిగింది. హైమావతి "అమ్మా" అంది. అంతే, అయిపోయింది. నేను పుట్టిన పనిని నా కళ్ళముందే ఇంకొకరు చేశారు. అసూయ పడలేదని అబద్ధమెందుకు చెప్పాలి? పడ్డాను, సంతోషించాను కూడా.

తర్వాత సిస్టరు మా ఇద్దరినీ మూల ఉన్న నీలం డబ్బాలో వేసింది. ఖాళీ సీసా వచ్చి నా పక్కన పడింది. అది తన కథ చెప్పింది. ఊరంతా తిరిగి తిరిగి చివరికి రైల్వే స్టేషను వైపు ఒక షాపులో తాను దొరికానంది. తిరుగు బస్సు గజపతినగరం దాటాక గురువులు అడిగాడట.

"పారీ, ఆ గుంటలకి నీ మనసులో పేర్లేటైనా ఎట్టుకున్నావా?"

ఆమె చాలాసేపు పెట్టె మీద చెయ్యి తీయలేదట. "ఇన్నాల్లకి అడిగినావు" అందట. తర్వాత చెప్పిందట. గుంటడు సన్నాసి. గుంట బంగారి. ఆయన ఆ రెండు పేర్లనూ పైకి పలికి చూసుకున్నాడట, మళ్ళీ మళ్ళీ, తప్పు పోకుండా.

డబ్బా మూత పడింది. నా పక్కనున్నది ఖాళీ అయింది కాబట్టి హాయిగా ఉంది. నేను ఇంకా నిండుగానే ఉన్నాను, ఎవరికీ పనికిరాని మందుతో. ఎప్పుడు పగలగొడతారో తెలియదు. అంతదాకా సన్నాసి, బంగారి అని నేను కూడా లోపల అనుకుంటున్నాను. నాకు వేరే పనేముంది?