కిరాయి లేని ఇల్లు

ఊరి దొర కోటలాంటి గడి వాకిలిని సాలమ్మ అలుకుతోంది. అది మామూలు వాకిలా? ఈ కొస నుంచి ఆ కొసకు చేరేసరికి మొదట అలికింది ఎండి, పగిలి, ఆ నెర్రెల్లో గడ్డి మొలిచేది. మీదుగా ఎగిరే కాకి నడుమ రెండుసార్లు దిగి నీళ్లు తాగి పోయేదట. అబద్ధమనుకుంటే సాలమ్మ మోకాళ్లను అడగండి.

బచ్చన్నపేట దాపున ఉన్న ఆ ఊళ్లో వాళ్ల గుడిసె దొర జాగాలో ఉంది. జాగాకు బదులు సాలమ్మ వెట్టి. మొగుడు యాకయ్య మాత్రం కల్లు మండువలో మీసం దువ్వేవాడు. "ఊరంత తిరిగి సూడుర్రి, నా అసొంటి నసీబు ఎవనికన్న ఉన్నదా? కిరాయి లేని ఇల్లు నాది!"

ఆ రోజు సాలమ్మ ఒక మూల అలకడం మరిచింది. దొర పెత్తనందారు చెప్పుకాలితో పక్కటెముకల మీద తన్నాడు. పేడలో నెత్తురు కక్కింది. "ఎర్రమన్ను పట్టీ గూడ ఏస్తున్నవా? మంచిగున్నది," అని నవ్వాడు.

ఇంటికొచ్చి చెబితే యాకయ్య విసుక్కున్నాడు. "జర కాలు తగిలితే గింత లొల్లా? గిన్నేండ్లల్ల ఒక్క పైస కిరాయి కట్టినమా?"

కట్టలేదా? జొన్నరొట్టె కొడుతూ సాలమ్మ ఆ మాటను లోపల్లోపలే నమిలింది. తొమ్మిదేళ్లుగా కోడి కంటే ముందు లేచిందెవరు? నెలలు నిండిన కడుపుతో వంగి అలికిందెవరు? ఆ బిడ్డ పేడగంప పక్కనే కడుపులోంచి జారిపోతే, పచ్చి ఒంటితో మూడోనాడే మళ్లీ గంపెత్తిందెవరు? అప్పుడూ ఇదే మొగుడు, "పనికి పో, ఇల్లు పోతది" అన్నాడు. బిడ్డ పోయిందన్న మాట ఒక్కసారన్నా అనలేదు.

తర్వాత ఊళ్లోకి దొరల మీద తిరగబడే సంఘం వచ్చింది. వెట్టికి పోవద్దంది. ఆడవాళ్లు పోలేదు. మూడోనాడు పట్టపగలే దొర మనుషులు కాగడాలతో వచ్చారు. కప్పులు భగ్గుమన్నాయి. తల్లిగారింటి నుంచి తెచ్చుకున్న వేపచెక్క తలుపును సాలమ్మ ఊడబీకి లాగుతుంటే ఒకడు గొడ్డలెత్తాడు.

"గుడిసెకు తలుపు గావాల్నానే నీకు?"

చేతికందిన రోకలితో కొట్టింది. వాడి మణికట్టు ఎండుపుల్లలా విరిగింది. పదిమంది పడ్డారని ఇప్పటికీ చెబుతారు. పడింది ఒక్కడే. వాడి కేకకు పారిపోయినవాళ్లు పదిమంది. అందరికంటే ముందు పారిపోయి జొన్నచేలో దాక్కున్నది యాకయ్య.

మొగుడూ పెళ్లాలు ఊరు విడిచి జనగామ చేరేసరికి చుట్టుపక్కల ఊళ్లన్నీ అక్కడే దిగి ఉన్నాయి. నిరుడు బర్రె కూడా ఉండనని మొరాయించిన కొట్టాల్లో మూడేసి సంసారాలు. గోడ నీడకు కూడా కిరాయి. మిట్టమధ్యాహ్నం నీడ కురచైతే మనుషులు సన్నబడి నిలబడాల్సిందే, కిరాయి మాత్రం సన్నబడదు.

అక్కడ ఊర్మిళ దొరసాని అనే ఆవిడ కొట్టం ఒక్కటే ఖాళీగా ఉంది. యాకయ్య చేతులు కట్టుకున్నాడు.

"పైసల్లేవు దొరసానీ. గని మా సాలమ్మ ఉన్నది. పొద్దుగాల్నే లేశి మీ వాకిలంత అలుకుతది, బోళ్లు తోముతది. కిరాయి దాంట్ల పట్టుకోర్రి."

సాలమ్మ నెత్తి మీద తలుపు, చేతిలో రోకలి. ఊపిరి తీస్తే పక్కటెముక ఇంకా కలుక్కుమంటోంది. మొగుడి వైపు తిరిగింది.

"ఊళ్లె ఇంటికి కిరాయి కట్టింది నేను. అది నా ఇల్లు. నేను పోతున్న."

"కప్పు కాలిపాయె గదనే! పోతె దొర సంపుతడు!"

"రోజింత సంపనే సంపిండు. ఇగ మిగిలిందెంత?" తర్వాత దొరసానితో నెమ్మదిగా అంది, "అవ్వా, ఈయన మోకాళ్లు కొత్తయి. ఒక్కనాడు గూడ వంగలే. మీ వాకిలి ఈయన్నే అలుకుతడు."

ఒక్కతే ఊరికి తిరిగొచ్చింది. గుడిసె మట్టిగోడలు కాలలేదు. మసిబారిన దర్వాజకు తలుపు ఎక్కించింది. తెల్లవారి లేచి తన వాకిలి అలికింది. పెళ్లయ్యాక తన వాకిలి ముందుగా అలకడం అదే మొదలు. లోపలికి పోయి గడియ పెట్టుకుంది. కప్పు లేని ఇంటికి గడియేమిటని నవ్వకండి.

కాసేపటికి తలుపు మీద కాలి దెబ్బ పడింది. ఆ కాలి బరువు ఆమె పక్కటెముకలకు గుర్తే.

సాలమ్మ రోకలెత్తి, గడియ తానే తీసింది.