రియాజ్ భాయ్ చేయని తప్పు

బెంగళూరు హూడిలోని మా ల్యాబ్‌లో తప్పులు చేయించినందుకే జీతమిస్తారు. సబ్బుపొడిలో కలిపే ఒక ఎంజైమ్ మాది. మరకల్ని బాగానే తింటుంది గానీ, వేడినీళ్లు తగిలితే చచ్చూరుకుంటుంది. అందుకని దాని జన్యువుకి పీసీఆర్ మెషిన్‌లో కావాలనే తప్పులతో నకళ్లు తీసి, వాటిని బ్యాక్టీరియాలోకి ఎక్కించి, ఆ వేల రకాల్లో వేడికి నిలిచేది ఒక్కటైనా ఉందేమోనని వెతుకుతాం.

అది దొరికితే రిలీవింగ్ లెటర్ ఇస్తానన్నాడు మా బాస్ అశోక్‌కుమార్. ఆ కాగితం లేనిదే హైదరాబాద్ కంపెనీ నన్ను చేర్చుకోదు. నా భర్త, రెండేళ్ల పాప అక్కడ, నేనేమో ఇక్కడ మడివాళలో పీజీ హాస్టల్లో. మొన్న వీడియో కాల్‌లో పాప నన్ను "ఆంటీ" అంది. ఫోన్ పెట్టేసి వెక్కివెక్కి ఏడ్చాను.

నకళ్లు తీయాల్సిన రోజు నాకు జ్వరం. "నేను చేసిపెడతాలేమ్మా, పండుకోపో" అన్నాడు రియాజ్ భాయ్. మా దగ్గర కొత్తగా చేరాడు గానీ, అనంతపురంలో ఓ ఆస్పత్రి ల్యాబ్‌లో తల నెరిసిన మనిషి. కరోనా రోజుల్లో ఎన్ని పీసీఆర్ పరీక్షలు చేశాడో! నకళ్లు తీసే ఎంజైమ్ ఏ ట్యూబులోది వాడాలో చెప్పి, నిశ్చింతగా పడుకున్నాను.

తీరా చూస్తే, వేడినీళ్లలో పెట్టిన ప్రతి ఎంజైమూ ఒకేలా చచ్చింది. అనుమానమొచ్చి కొన్నింటి జన్యువులు చదివించాను. అన్నీ అచ్చం అసలుదానిలాగే ఉన్నాయి.

"భాయ్, నేను చెప్పిన ట్యూబే వాడారా?"

ఆయన మొహం వెలిగిపోయింది. "అది నాసిరకంది కదమ్మా, తప్పులు పడతాయి. నువ్వు పోయే ముందర పని చెడితే ఎట్ల? పక్కనే మంచిది ఉండాది, తప్పుల్ని దిద్దుకుంటా పోయేది. అదేసినా. ఒక్క తప్పన్నా ఉండాదా చెప్పు?"

"లేదు భాయ్." పీక పిసకాలన్నంత కోపమొచ్చింది. ఆ సంబరం చూసి కోపం దిగమింగి, బాస్ దగ్గరికి నడిచాను.

అశోక్‌కుమార్‌కి అసలు కోపమే రాలేదు. అదీ నా ఖర్మ. "నో ప్రాబ్లమ్ వరూధినీ, ఇంకో రౌండ్ చేద్దాం. ఈసారి భాయ్ చేతే చేయించండి. ఆయనకి పని వచ్చేస్తే మీ లెటర్ రెడీ."

"హైదరాబాద్ వాళ్లు ఈ నెలాఖరు వరకే ఆగుతారు సార్."

"ఆగుతార్లెండి" అని ల్యాప్‌టాప్ వైపు తిరిగాడు.

రియాజ్ భాయ్‌ని బల్ల ముందు నిలబెట్టాను. నకళ్లు తీసే ఆ నాసిరకం ఎంజైమే వేయించాను. ఇక తప్పులు పెంచే మాంగనీసు నీళ్లు ఒక్క చుక్క వేయాలి. చుక్కలు వేసే పిపెట్ పట్టుకున్న ఆయన చెయ్యి ట్యూబు మీదే ఆగిపోయింది.

"ఇది పడితే చెడిపోతాదమ్మా."

"చెడిపోవాలి భాయ్."

"తప్పొస్తే మనుషులు సస్తారని బయపడతా పనిచేసిన చెయ్యిది. మాట ఇనడంల్యా."

"భాయ్, నా బిడ్డ దగ్గరికి పోవాలి నేను. వెయ్యండి."

ఆయన నా మొహంలోకి చూశాడు. కళ్లు గట్టిగా మూసుకుని పిపెట్ నొక్కాడు.

చుక్క బల్ల మీద పడింది.